షష్టిపూర్తి క్రూజ్: ఏడుగురికి బుకింగ్ సమయం ఎలా కుదిరింది

నేపథ్యం

కుటుంబంలో ఏడుగురు. షష్టిపూర్తి చేసుకోబోతున్న పెద్దాయన, ఆయన భార్య, ఉద్యోగం చేస్తున్న పెళ్లికాని కూతురు, పెద్దకొడుకు, కోడలు, వాళ్ల పిల్లలిద్దరు. పిల్లల్లో పెద్దదానికి పదకొండేళ్లు, చిన్నవాడికి ఆరు. ఉండేది హైదరాబాద్‌లోనే. ఇంట్లో పూజ, బంధువుల భోజనాలు అయ్యాక వేసవి సెలవుల్లో సింగపూర్ వెళ్లి, అక్కడి మెరీనా బే నుంచి బయలుదేరే నాలుగు రాత్రుల క్రూజ్ ఎక్కాలని అనుకున్నారు. డబ్బు పెట్టేది, మాట్లాడేది పెద్దకొడుకు. వాళ్లకి బుకింగ్ చూసిన ట్రావెల్ ఏజెంట్లం మేం.

వాళ్లెవరో తెలిసే వివరాలు తీసేశాం. తేదీలు కొన్ని రోజులు అటూ ఇటూ జరిపాం, అంకెలు గుండ్రం చేశాం. ఓడ పేరు, కంపెనీ పేరు చెప్పడం లేదు. కింద డాలర్లు అన్నచోటల్లా సింగపూర్ డాలర్లే. డాలర్‌కి 62 రూపాయల చొప్పున లెక్క వేశాం. సింగపూర్‌లో ఒక రాత్రి హోటల్ ఏ దారిలో వెళ్లినా ఒకటే ఖర్చు కాబట్టి పోలికలోకి తేలేదు. జీఎస్టీ, టీసీఎస్ (విదేశీ టూర్‌కి కట్టేటప్పుడే వసూలు చేసే పన్ను) శాతాల లెక్క కాబట్టి వాటినీ పక్కన పెట్టాం.

అక్టోబరు 20న అడిగినప్పుడు వాళ్ల మనసులో ఉన్న తేదీ మే 28. పూజ ముహూర్తం అంతకు ముందే అయిపోతుంది, పిల్లల స్కూలు జూన్ 12కి తెరుస్తారు, మధ్యలో అది సరిపోతుంది. ఆ రోజు మేమిచ్చిన లెక్క ఇది. కొడుకు కుటుంబానికి నలుగురు పట్టే బాల్కనీ కేబిన్. మొదటి ఇద్దరికి తలా 880 డాలర్లు, మూడో నాలుగో మనిషికి తలా 420. మొత్తం 2,600. పెద్దవాళ్లకీ కూతురికీ ముగ్గురు పట్టే బాల్కనీ కేబిన్, 2,180. రెండూ కలిపి 4,780. దీనిమీద పోర్ట్ చార్జీలు, పన్నులు మనిషికి 120 చొప్పున 840. ఓడ సిబ్బందికి రోజువారీ టిప్పులు మనిషికి రాత్రికి 24 చొప్పున 672. అంతా కలిపి 6,292 డాలర్లు, అంటే దాదాపు 3,90,000 రూపాయలు. అదే రోజు విమానం టికెట్లు రానూపోనూ మనిషికి 24,000, ఏడుగురికి 1,68,000. మొత్తం 5,58,000.

వచ్చిన చిక్కు

పెద్దకొడుకు అడిగింది సూటి ప్రశ్న. "మా బావ డల్లాస్‌లో ఉంటడండీ. ఓడ కదలడానికి మూడు వారాల ముందు బుక్ చేసిండు, రేటు మూడో వంతు పడిపోయిందట. మనం ఇప్పుడే ఎందుకు కట్టాలె?"

ఆయన బావ చెప్పింది నిజమే. క్రూజ్ ధర విమానం టికెట్‌లా నడవదు. ఓడ కంపెనీలు మొత్తం డబ్బు కట్టడానికి ఒక ఆఖరి తేదీ పెడతాయి, దాన్నే ఫైనల్ పేమెంట్ తేదీ అంటారు. చిన్న క్రూజ్‌లకి అది ప్రయాణానికి 75 రోజుల ముందు ఉండటం మామూలు, పొడవైన వాటికి 90, ఒక్కోసారి 120 రోజులు. తిరిగొచ్చే డిపాజిట్ మీద కేబిన్ పట్టి ఉంచుకున్నవాళ్లు, రెండు మూడు తేదీలు పట్టి ఉంచుకున్నవాళ్లు సరిగ్గా ఈ గడువు దగ్గర వదిలేస్తారు. వదిలిన కేబిన్లన్నీ ఒక్కసారిగా అమ్మకానికి తిరిగొస్తాయి. ఖాళీ కేబిన్‌తో కంపెనీకి టికెట్ డబ్బే కాదు, ఓడ మీద ఆ ఇద్దరు తాగే డ్రింకులు, వైఫై, కాసినో, రేవుల్లో తిప్పే టూర్లు, వీటి మీద వచ్చేదంతా పోతుంది. అందుకే గడువు దాటిన వారం పది రోజుల్లో ధర తగ్గించడం జరుగుతుంది. ఒక్కోసారి ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు కూడా.

అయితే ఆయన బావ పరిస్థితి వేరు. టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు డల్లాస్ నుంచి కారులో అయిదు గంటల దూరం. విమానం అక్కర్లేదు, వీసా అక్కర్లేదు, వెళ్లేది ఇద్దరు. ఆ తేదీకి చవక దొరక్కపోతే పై వారం ఇంకో ఓడ ఉంటుంది. కరీబియన్ వైపు ఓడలు ఎన్ని కావాలంటే అన్ని. ఇక్కడ మన కేసులో ఏడుగురికి విమానం, ఏడుగురికి సింగపూర్ వీసా, పిల్లల సెలవులు, కూతురి లీవు. అన్నిటికంటే పెద్ద ముడి, ఇద్దరు పట్టే కేబిన్లు మనకి పనికిరావు. ముగ్గురిది ఒకటి, నలుగురిది ఒకటి కావాలి.

ఈ కేబిన్ల సంగతి చాలామందికి తెలియదు. ఓడలో కేబిన్లలో ఎక్కువ భాగం ఇద్దరికే. గోడలోంచి లేదా సీలింగ్‌లోంచి దిగే అదనపు పడకలున్నవి తక్కువ. అవి ఖాళీగా ఉన్నా అమ్మకపోవచ్చు. ప్రతి కేబిన్‌కీ అత్యవసరంలో చేరాల్సిన చోటు ఒకటి కేటాయించి ఉంటుంది, ఆ చోటికి లైఫ్‌బోట్లలో ఇన్ని సీట్లని లెక్క ఉంటుంది. ఆ లెక్క నిండితే ఆ వైపు కేబిన్లలో మూడో, నాలుగో పడకని సిస్టమ్ మూసేస్తుంది. ఇద్దరికి వెతికితే కేబిన్ కనపడుతుంది, నలుగురికి వెతికితే మాయమవుతుంది. పైగా ఆ కేబిన్లు పట్టుకునేది పిల్లలున్న కుటుంబాలు. వాళ్లు సెలవులు చూసుకుని ముందే బుక్ చేస్తారు, గడువు దగ్గర వదలడం అరుదు. చివర్లో ధర పడే సరుకు వేరు, మనకి కావాల్సిన సరుకు వేరు.

మొదటి నిర్ణయం, అందులో మా తప్పు

అక్టోబరులో మా సలహా, తిరిగొచ్చే డిపాజిట్ కట్టి రెండు కేబిన్లూ పట్టి ఉంచమని. మనిషికి 100 డాలర్ల చొప్పున 700, అంటే 43,400 రూపాయలు. మే 28 ప్రయాణానికి 75 రోజులు వెనక్కి లెక్కిస్తే మార్చి 14. అప్పటిదాకా వదిలేసుకున్నా డిపాజిట్ వెనక్కి వస్తుంది. డాలర్ మారకంలోనూ కార్డు చార్జీల్లోనూ పోయేది రెండు మూడు శాతం, అంటే పదిహేను వందల లోపు. ధర పడితే పడిన ధరకి మార్చుకోవచ్చు, పెరిగితే పాత ధర మనది.

ఇంత లాభమైన బేరం ఆయన ఎందుకు వద్దన్నాడు? మేం చెప్పిన తీరు సరిగా లేదు. "ఇప్పుడు బుక్ చేయండి" అన్నాం. ఆయనకి అది "ఇప్పుడు కొనండి" అని వినపడింది. పట్టి ఉంచడానికి పెట్టే ఖర్చు పదిహేను వందలని కాగితం మీద రాసి ఇచ్చుంటే నిర్ణయం వేరుగా ఉండేది. రెండో తప్పు ఇంకా పెద్దది, దాని సంగతి తర్వాత వస్తుంది. మే 28 అన్న తేదీనే మేం ప్రశ్నించలేదు.

ఆయన జనవరిదాకా ఆగుతానన్నాడు. జనవరి నుంచి మార్చి దాకా క్రూజ్ కంపెనీలు ఆఫర్లు గుప్పించే కాలం, వ్యాపారంలో వేవ్ సీజన్ అంటారు. అప్పటికి ఏదో ఒకటి రాకపోదు అన్నది ఆయన ధీమా.

జనవరి ఆఫర్

వచ్చింది. "రెండో అతిథికి 50 శాతం తగ్గింపు, మూడో నాలుగో అతిథులకు ఉచితం." పెద్దకొడుకు ఫోన్లో సంబరపడ్డాడు. జనవరి 10న అదే మే 28 ప్రయాణానికి లెక్క వేశాం. మొదటి అతిథి ధర 880 నుంచి 1,640 అయింది. రెండో అతిథికి అందులో సగం, 820. మిగతావాళ్లకి సున్నా. కేబిన్‌కి 2,460.

నలుగురి కేబిన్‌కి ఇది 2,600 కంటే 140 తక్కువ. ముగ్గురి కేబిన్‌కి 2,180 కంటే 280 ఎక్కువ. రెండూ కలిపితే 4,920, అక్టోబరు కంటే 140 డాలర్లు ఎక్కువ. కేబిన్‌కి 50 చొప్పున ఓడ మీద ఖర్చు పెట్టుకునే క్రెడిట్ ఇచ్చారు, అది తీసేస్తే 40 ఎక్కువ. ఆ "ఉచితం" మనుషులు ముగ్గురూ పోర్ట్ చార్జీలూ టిప్పులూ కట్టాల్సిందే. తలా 216, ముగ్గురికి 648 డాలర్లు, దాదాపు 40,000 రూపాయలు.

అందుకే ఏ ఆఫర్ వచ్చినా శాతాలు చూడకుండా ఒకే పని చేస్తాం. మన మనుషుల వయసులతో, మనకి కావాల్సిన కేబిన్లతో, బుకింగ్ పేజీ చివరి అంకె దాకా వెళ్లి, ఆ అంకెని తేదీ వేసి రాసుకోవడం. పక్కన డిపాజిట్ తిరిగొచ్చేదా కాదా, క్రెడిట్ ఎంత, టిప్పులు కలిశాయా లేదా అన్నవి. వేవ్ సీజన్లో నిజంగా మేలైన ఆఫర్లు ఉంటాయి. ఎక్కువసార్లు ఆ మేలు తక్కువ డిపాజిట్‌లోనో, క్రెడిట్‌లోనో, డ్రింకుల ప్యాకేజీలోనో ఉంటుంది. మద్యం ముట్టని ఇంటికి డ్రింకుల ప్యాకేజీ ఉచితం అంటే ఏం లాభం?

ఈ లెక్క ఆయనకి పంపి, ధర పడలేదు కాబట్టి ఇప్పుడైనా పట్టి ఉంచమన్నాం. ఆయన తీసిన అర్థం మరొకటి. "జనవరిలోనే సగం తగ్గించిన్రంటే మార్చికి ఇంకా దిగుతది" అన్నాడు.

ఫిబ్రవరి 3

మే 28న నలుగురి బాల్కనీ కేబిన్లు మూసుకుపోయాయి. ముగ్గురివి ఇంకా కనపడుతున్నాయి. విమానం టికెట్ 24,000 నుంచి 31,000కి వెళ్లింది. ఏడుగురికి 49,000 అదనం, క్రూజ్‌లో ఏం తగ్గినా దీన్ని పూడ్చడం కష్టం. ఇక్కడ నాలుగు దారులు ప్రయత్నించాం, నాలుగూ కుదరలేదు.

మొదటిది, కొడుకు కుటుంబాన్ని రెండు కేబిన్లలో సర్దడం. పిల్లల్ని విడిగా ఒక కేబిన్లో పేరుపెట్టి మామూలుగా బుక్ చేయనివ్వరు, ప్రతి కేబిన్లో పెద్దవాళ్లు ఒకరు ఉండాలంటారు. కాబట్టి ఒక్కో కేబిన్లో ఒక తల్లో తండ్రో, ఒక బిడ్డ. అప్పుడు బిడ్డ రెండో అతిథి అవుతుంది, మూడో అతిథికిచ్చే తక్కువ ధర వర్తించదు. ఆ రోజు ధర తలా 960, నలుగురికి 3,840. అక్టోబరులో ఇదే నలుగురికి 2,600. ఒక్క దెబ్బకి 1,240 డాలర్లు, 77,000 రూపాయలు.

రెండోది గ్యారంటీ కేబిన్. రకం మనం చెబుతాం, నంబరు కంపెనీ తర్వాత ఇస్తుంది, అందుకని కొంచెం చవక. ఇద్దరు కుర్రాళ్లకి ఇది మంచి మార్గం. ఇక్కడ పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు, కదిలే బండిలో తల తిరుగుతుంది. ఆమెకి ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో, లిఫ్ట్ దగ్గర కేబిన్ కావాలి. ముక్కు దగ్గరా తోక దగ్గరా ఊపు ఎక్కువ, పై అంతస్తుల్లో ఇంకా ఎక్కువ. గ్యారంటీలో ఎక్కడ పడేస్తారో తెలియదు. రెండు కేబిన్లు ఒకే అంతస్తులో వస్తాయన్న మాటా లేదు. మిగిలే డబ్బుకి ఈ నష్టం ఎక్కువ అని వదిలేశాం.

మూడోది, డల్లాస్ బావ చేత అమెరికా సైట్‌లో కొనిపించడం. అక్కడ ధర కొంచెం తక్కువగా కనపడింది. కాని చాలా ఆఫర్లు ఆ దేశంలో ఉండేవాళ్లకి మాత్రమే. ఎక్కేటప్పుడు పాస్‌పోర్టూ చిరునామా చూసి తేడా కట్టమనొచ్చు, ఎక్కనివ్వకపోవచ్చు. ఏడుగురితో రేవు దాకా వెళ్లి ఆ కౌంటర్ దగ్గర వాదించే పరిస్థితి తెచ్చుకోవద్దని గట్టిగా చెప్పాం.

నాలుగోది, సింగపూర్ మానేసి ముంబై నుంచి. మే చివరికి అరేబియా సముద్రంలో వానాకాలం ముంచుకొస్తుంది. పెద్దావిడ సంగతి తెలిసీ ఆ అలల మీదికి పంపడం సరికాదు.

తేదీని ప్రశ్నించడం

అప్పుడు అక్టోబరులోనే అడగాల్సిన ప్రశ్న అడిగాం. మే 28నే ఎందుకు? పెద్దకొడుకు దగ్గర గట్టి కారణం లేదు. ముహూర్తం మే మొదటి రోజుల్లోనే ఉంది. "పూజ కాగానే ఉరుకుడు ఎందుకని నెలాఖరు పెట్టుకున్నం" అన్నాడు.

మన సెలవులూ ఓడ ధరలూ ఒకే క్యాలెండర్ మీద నడవవు. తెలంగాణలో స్కూళ్లు ఏప్రిల్ 24 ప్రాంతంలో మూసి జూన్ 12కి తెరుస్తారు. సింగపూర్ స్కూళ్లకి మధ్య సంవత్సరం సెలవులు మే చివరి వారాంతంలో మొదలై జూన్ చివరిదాకా ఉంటాయి. సింగపూర్ నుంచి కదిలే ఓడని నింపేది ముందు సింగపూర్, మలేషియా కుటుంబాలు. మే 28 అంటే వాళ్ల సెలవుల మొదటి వారం. నలుగురి కేబిన్లు ఎందుకు మాయమయ్యాయో ఇప్పుడు అర్థమైంది. అదే మే 7 అయితే మన పిల్లలు ఖాళీ, వాళ్ల పిల్లలు బడిలో. మే 1 సెలవు రద్దీ కూడా దాటిపోయి ఉంటుంది. దసరా సెలవులకీ ఇదే తర్కం పనికొస్తుంది. మనకి రద్దీ, వాళ్లకి మామూలు రోజులు. డిసెంబరులో మాత్రం అందరి సెలవులూ ఒకేసారి వచ్చి మీద పడతాయి. అప్పుడు ఏ ఉపాయమూ పెద్దగా పని చేయదు, ఏడాది ముందు పట్టుకోవడమే.

మే 7 ప్రయాణానికి ఫిబ్రవరి 8న చూసిన ధర: మొదటి ఇద్దరికి తలా 790, మూడో నాలుగో మనిషికి 360. నలుగురి కేబిన్ 2,300, ముగ్గురిది 1,940. నలుగురి కేబిన్ ఏడో అంతస్తులో, ముగ్గురిది అదే అంతస్తులో లిఫ్ట్‌కి నాలుగు తలుపుల అవతల. విమానం మనిషికి 26,500.

ఫైనల్ పేమెంట్‌కి 13 రోజులే ఉంది, తేదీ ఫిబ్రవరి 21. గడువు దాటాక పడుతుందేమో అని ఆయన మళ్లీ ఒకసారి అన్నాడు. ఈసారి మాటలతో వాదించలేదు. ఒక కాగితం మీద రెండు గీతలు గీసి పంపాం. ఆగితే అందే గరిష్ఠ లాభం ఎంత, ఆగితే పోయే అవకాశమున్నది ఎంత. లాభం వైపు, కేబిన్ల ధరలో 15 శాతం పడిందనుకున్నా 636 డాలర్లు, 39,000. పోయే వైపు, నలుగురి కేబిన్ మళ్లీ మూసుకుంటే 77,000 వంటి దెబ్బ, పైగా విమానం రోజురోజుకీ. అదే రోజు సాయంత్రం డిపాజిట్ కట్టారు.

విమానం టికెట్లు కూడా అదే రోజు తీశాం. ఇది అందరికీ చెప్పే సలహా కాదు. డిపాజిట్ తిరిగొచ్చే దశలో విమానం కొనేస్తే క్రూజ్ మార్చుకునే స్వేచ్ఛ పోతుంది. మామూలుగా కేబిన్ ఖాయమని తేలాకే టికెట్ తీయమంటాం. ఇక్కడ ముహూర్తం, లీవులు, కేబిన్లు మూడూ ఆ ఒక్క తేదీలోనే కలిశాయి, మారే ఉద్దేశం లేదు. కాబట్టి ఆగడంలో అర్థం లేదు. ఓడ కదిలే ముందు రోజే సింగపూర్ చేరేలా తీశాం. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు.

ఆ పదమూడు రోజులు

బుక్ చేశాక ధర చూడటం మానేస్తే సగం పని వదిలేసినట్టే. ఫైనల్ పేమెంట్ దాకా మారిన ధరకి రీప్రైస్ చేయించుకునే హక్కు చాలా బుకింగ్‌లకి ఉంటుంది. కాని కంపెనీ తనంతట తాను ఫోన్ చేసి చెప్పదు. ఫిబ్రవరి 12న, 16న, 20న చూడాలని ముందే రాసుకున్నాం. వారాంతపు సేల్‌లు శుక్ర, శనివారాల్లో మారుతుంటాయి, అందుకే మధ్యలో ఒక శనివారం.

16న ధర పడింది. మొదటి ఇద్దరికి 720, మూడో నాలుగో మనిషికి 330. ముగ్గురి కేబిన్ 1,770 అవుతుంది, 170 డాలర్లు తక్కువ. షరతులు చదివితే రెండు తేడాలు. డిపాజిట్ ఇక తిరిగిరాదు, పాత బుకింగ్‌కున్న 50 డాలర్ల క్రెడిట్ పోతుంది. అసలు లాభం 120. గడువు అయిదు రోజుల్లో ఉండగా, విమానం టికెట్లు చేతిలో ఉండగా, తిరిగిరాని డిపాజిట్ వల్ల కొత్తగా వచ్చే ప్రమాదం లేదు. మార్పించాం.

నలుగురి కేబిన్ అంత తేలిక కాలేదు. కొత్త ధరలో 2,100 పడాలి, 200 మిగలాలి. కాని నలుగురికి వెతికితే ఆ రకం కేబిన్ అసలు చూపించడం లేదు. మన చేతిలో ఒకటి ఉంది, అమ్మకానికి ఇంకొకటి లేదు. సిస్టమ్ కొత్త ధర ఇవ్వాలంటే అదే రకంలో నలుగురికి ఖాళీ ఉండాలి. ఏజెంట్ల లైన్‌కి ఫోన్ చేసి ఉన్న బుకింగ్‌లోనే ధర మార్చమన్నాం, కుదరదన్నారు. పాతది రద్దు చేసి వెంటనే కొత్తగా బుక్ చేయొచ్చన్న సూచన వచ్చింది. పెద్దకొడుకు సిద్ధపడ్డాడు కూడా. రద్దు చేసిన కేబిన్ ఆ క్షణమే అమ్మకానికి తిరిగొస్తుందన్న హామీ లేదు. వచ్చినా లైఫ్‌బోట్ లెక్క నాలుగో పడకని మూసేస్తే ఇద్దరికే వస్తుంది. 12,400 రూపాయల కోసం కుటుంబమంతా కలిసి ఉండే కేబిన్‌ని పందెం కాయడం. వద్దన్నాం, ఆయన ఒప్పుకున్నాడు.

చివరి లెక్క: కేబిన్లు 4,070, పోర్ట్ చార్జీలు 840, టిప్పులు 672, మొత్తం 5,582 డాలర్లు. రూపాయల్లో 3,46,000. విమానం 1,85,500. కలిపి 5,31,500.

చెల్లింపు ఫిబ్రవరిలో పడటం వల్ల ఇంకో సంగతి కలిసొచ్చింది. విదేశీ టూర్ ప్యాకేజీ మీద కట్టించుకునే టీసీఎస్ ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది. మార్చి 31 లోపు కట్టింది ఆ ఏడాది రిటర్న్‌లోనే, అంటే జూలైలోనే చూపించుకోవచ్చు. ఏప్రిల్లో కడితే మరుసటి ఏడు రిటర్న్ దాకా ఆ డబ్బు అక్కడే ఉండిపోవచ్చు. దీని రేట్లు బడ్జెట్‌తో మారుతుంటాయి, కట్టే రోజున ఎంతుందో చూసుకోవాలి. రసీదు ఎవరి పాన్ మీద ఉందన్నదీ ముందే తేల్చుకోవాలి.

కాగితాల్లో ఒక్కచోట తట్టుకున్నాం. పెద్దాయన పాస్‌పోర్టు సెప్టెంబరులో ముగుస్తుంది, ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు లేదు. రెన్యూవల్‌కి వెళ్తే కొత్త దానిలో ఇంటిపేరు పూర్తిగా వచ్చింది, పాతదానిలో ఒక్క అక్షరమే. ఓడ బుకింగ్‌లో పాత పేరుంది. గడువుకి ముందు కాబట్టి ఊరికే దిద్దారు. గడువు దాటాక పేరు మార్పుని కొన్ని కంపెనీలు రద్దు కింద లెక్కిస్తాయి. మన ఇంటిపేర్లతో ఈ చిక్కు తరచూ వస్తుంది, బుకింగ్ రోజునే పాస్‌పోర్టు చూసి అక్షరం అక్షరం టైప్ చేయాలి. వీసా సంగతి కూడా అంతే. ఓడ సింగపూర్ వదిలి తిరిగొస్తే అది రెండో ప్రవేశం, మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో చేతికి రాగానే చూడాలి.

ఏప్రిల్ 12 స్క్రీన్‌షాట్

ప్రయాణానికి 25 రోజుల ముందు పెద్దకొడుకు ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. అదే ఓడ, అదే మే 7, తలా 480 డాలర్లు. "చూసిన్రా, నేను చెప్పలే?"

ధర నిజమే. కాబట్టి దాన్ని నిజాయితీగా లెక్కగట్టి చూపించాం. అది కిటికీ లేని ఇంటీరియర్ గ్యారంటీ కేబిన్, ఇద్దరికి. ముగ్గురికి, నలుగురికి వెతికితే ఏదీ లేదు. ఏడుగురికి నాలుగు కేబిన్లు కావాలి, ఒకదానిలో ఒక్కరే ఉన్నా ఇద్దరి ధర కట్టాలి. ఎనిమిది 480లు 3,840. మనం కట్టిన 4,070 కంటే 230 తక్కువ, 14,260 రూపాయల లాభం. ఆ రోజు విమానం టికెట్ 38,000. ఏడుగురికి 2,66,000, మనం కొన్నదానికంటే 80,500 ఎక్కువ. ఆగి ఉంటే 66,000 నష్టపోయి, బాల్కనీ లేకుండా, నాలుగు చోట్ల విడిపోయి వెళ్లేవాళ్లు. ఆయన చాలాసేపటికి జవాబిచ్చాడు, "విమానం సంగతి నేను కలపలే" అని.

పాఠాలు

ఈ కేసు ముగిశాక అక్టోబరు నాటి ధరల పట్టిక తీసి చూశాం. మే 7 ప్రయాణానికి ఆ రోజు ధర 760, 350. రెండు కేబిన్లూ కలిపి 4,090. నాలుగు నెలలు ఆగి, సేల్ వెంట పడి, ఫోన్లు చేసి చివరికి కట్టింది 4,070. మిగిలింది 20 డాలర్లు. ఆ నాలుగు నెలల్లో విమానం 23,000 నుంచి 26,500కి పోయింది, ఏడుగురికి 24,500 రూపాయలు. అక్టోబరులో అడిగిన మొత్తం కంటే 26,500 తక్కువకి ప్రయాణం కుదిరిన మాట నిజం. అది ఆగినందుకు రాలేదు, తేదీని మూడు వారాలు ముందుకి జరిపినందుకు వచ్చింది. మేం మొదటి రోజే రెండు దేశాల సెలవుల పట్టికలూ పక్కపక్కన పెట్టి ఉంటే ఈ కుటుంబానికి ఇంకా 20,000 పైగా మిగిలేది. అందుకే ఇప్పుడు ధర చెప్పడానికి ముందు తేదీ ఎందుకని అడుగుతున్నాం, ఓడ బయలుదేరే ఊరి సెలవులు చూస్తున్నాం. కోట్ ఇచ్చే కాగితం మీద నాలుగు అంకెలు తప్పకుండా రాస్తున్నాం: కేబిన్ల చివరి అంకె, విమానంతో కలిపిన అంకె, ఫైనల్ పేమెంట్ తేదీ, పట్టి ఉంచి వదిలేస్తే పోయే డబ్బు. ఆ నాలుగోది చూశాక వద్దన్నవాళ్లు తక్కువ.

ఎవరు ఆగొచ్చు అన్నది మనుషుల సంఖ్యను బట్టి తేలుతుంది. ముగ్గురూ నలుగురూ ఒక కేబిన్లో ఉండాలంటే, స్కూలు సెలవులు తప్పవంటే, ఎనిమిది నుంచి పది నెలల ముందు తిరిగొచ్చే డిపాజిట్‌తో పట్టి, ఫైనల్ పేమెంట్‌కి ముందు నెలలో వారానికోసారి ధర చూడాలి. ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అయినా నష్టం లేదు, నలుగురి కేబిన్లు తెరిచి ఉన్నంతవరకే. దానికి ధర చూడక్కర్లేదు, ఆ ప్రయాణంలో నలుగురికి ఎన్ని రకాల కేబిన్లు ఇంకా చూపిస్తున్నాయో చూస్తే చాలు. మూడు రకాల నుంచి ఒకదానికి వచ్చిందంటే ఆగే సమయం అయిపోయింది.

పెద్దాయనా పెద్దావిడా క్రూజ్‌ని ఎంతో ఇష్టపడ్డారు. ఈసారి ఇద్దరే వెళ్తామంటున్నారు. వాళ్లకి బడి సెలవులతో పనిలేదు, సింగపూర్ వీసాకి ఇంకా గడువుంది, ఇద్దరు పట్టే ఏ కేబిన్ అయినా సరిపోతుంది, ఓడ మధ్యలో కింది అంతస్తుల్లో అయితే చాలు. వాళ్లకి మేమిచ్చిన సలహా పెద్దకొడుక్కి ఇచ్చినదానికి పూర్తిగా ఎదురు. ఫిబ్రవరి చివరా, సెప్టెంబరు మధ్యా కలిపి నాలుగు ప్రయాణాలు ఎంచుకున్నాం. ఒక్కోదానికీ ఫైనల్ పేమెంట్ తేదీ, ఆ తర్వాత పది రోజులు క్యాలెండర్‌లో గుర్తు పెట్టాం. నేరుగా వెళ్లే విమానం మనిషికి 25,000 లోపు ఉన్నప్పుడు మాత్రమే ధర చెప్పమని పెద్దాయన అన్నాడు. ఇంకా ఏదీ బుక్ చేయలేదు.